కన్నడ అక్షరాల్లో మా అక్క తెలుగు

మా అక్క పోయిందన్న కబురు నాకు స్కూల్లో, స్టాఫ్ రూంలో ఉండగా అందింది. తొమ్మిదో తరగతి పిల్లల వ్యాసాలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో ఎడాపెడా కొట్టేస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "వదిన పోయింది. అంగట్లో కూర్చున్నట్టే పోయింది. నువ్వు బయల్దేరు," అన్నారు. మూత పెట్టకుండానే పెన్ను బ్యాగులో పడేసుకుని పరిగెత్తాను. కె.ఆర్.పురంలో ఇంటికి చేరేసరికి బ్యాగు అడుగంతా ఎర్రగా అయింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. కింది ఇల్లు వాళ్ళది, మేడమీద మాది. ఇరవై రెండేళ్ళు ఒకే మెట్ల మీద ఎదురుపడుతూ బతికాం.

ఇలాంటివి రాసేటప్పుడు ముందు పోయినవాళ్ళ మంచితనం చెప్పాలి. నేను ముందు నా సంగతి చెప్పేస్తాను. తర్వాతైతే ధైర్యం చాలదు. ఆ రోజు ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. నిజమైన ఏడుపే, వంక పెట్టడానికి లేదు. వంతెన కింద ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ఆ ఏడుపు మధ్యలో నాకొక ఆలోచన వచ్చింది. ఇంక మా ఇంట్లో కథలు రాసేది నేనొక్కదాన్నే. అలా అనుకోగానే ఒళ్ళు కాస్త తేలికపడింది కూడా. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ ఆ రోజు వేయలేదు. చాలా రోజులకు వేసింది.

తోటికోడళ్ళ మధ్య కుళ్ళు ఉంటుందని లోకమంతా అనుకుంటుంది. నగల దగ్గరో, అత్తగారి మాట దగ్గరో అది బయటపడుతుందంటారు. మా ఇద్దరికీ ఆ గొడవ ఎప్పుడూ లేదు. అక్క తన పట్టుచీరలు నా బీరువాలో పెట్టుకునేది. నాకు జ్వరమొస్తే మిరియాల చారు పట్టుకుని మోకాళ్ళ నొప్పితోనే మేడెక్కేది. నా కుళ్ళంతా ఆవిడ కథల మీద. తాను కథలు రాస్తున్నానన్న సంగతి కూడా పెద్దగా పట్టించుకోని మనిషి మీద అంత కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

నేను తెలుగు ఎం.ఏ. చదివాను. మాది హిందూపురం పక్క పల్లె. కాలేజీలో చేరిన మొదటి వారంలో ఒక లెక్చరర్ నన్ను లేపి ప్రశ్న అడిగితే, మా ఇంట్లో మాట్లాడినట్టే జవాబు చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి పుస్తకాల్లో ఉన్నట్టు మాట్లాడటం నేర్చుకున్నాను. రాయడమూ అలాగే. పెళ్ళై బెంగళూరు వచ్చేనాటికి నా కథలు మూడు అచ్చయ్యాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను. అత్తారింట్లో రచయిత్రినని పేరు పడింది. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

అక్క వాళ్ళది నాలుగు తరాలుగా ఈ ఊరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. పాత మద్రాసు రోడ్డు పక్క సందులో అక్కా బావగార్లకు చిన్న అంగడి ఉంది. దారాలు, గుండీలు, లేసులు, చీర ఫాల్స్ అమ్ముతారు. పొద్దున బావగారు కూర్చుంటారు, మధ్యాహ్నం అక్క కూర్చునేది. గల్లా కింద సొరుగులో ఒక పొడుగాటి నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. అందులో ఏముందో నాకు కొన్నేళ్ళు తెలియలేదు. ఏవో అంగడి రాతలు అనుకున్నాను.

ఒకరోజు జాకెట్టు గుడ్డకు తగ్గ దారం కోసం అంగడికి వెళ్ళాను. అక్క ఏదో రాస్తోంది. నన్ను చూసి పెన్ను పక్కన పెట్టింది. దారపు కండెలు నాలుగు తీసి, నా గుడ్డతో పాటు గుమ్మం బయటికి తెచ్చి, ఎండలో ఒక్కొక్కటే పెట్టి చూసింది. ట్యూబులైటు కింద రంగు చూస్తే మోసపోతామనేది. దారం ఏరి నా చేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పైన ఏం రాసిందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. సగంలో ఆగిన మాట దగ్గర నుంచే పెన్ను సాగిపోయింది.

"ఏం రాస్తున్నావక్కా?" అన్నాను.

"సుమ్నే. కథ."

"కన్నడంలోనా?"

"కన్నడం కాదప్పా, తెలుగే. అక్షరాలు మాత్రం కన్నడవి. నాకు వచ్చేది అవే కదా."

ఊరికే అనడానికి సుమ్నే అన్నట్టే, ఆవిడకు ఏ మాట ముందొస్తే ఆ మాటే. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నేను ఒక కథ మొదలుపెట్టాలంటే మొదటి వాక్యానికే వారం పడుతుంది. రాస్తాను, కొట్టేస్తాను, కాగితం మారుస్తాను. అక్షరాలు కూడా రాని మనిషి, అంగట్లో బేరాల మధ్య, వెనక్కి చూడకుండా కథ రాస్తోందంటే నాకు నవ్వే వచ్చింది.

ఆ ఏడు ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి సంచిక వేస్తూ కథలు అడిగింది. అక్క తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "పాపా, ఇందులో ఒకటి తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాసిస్తావా? నీ చెయ్యి చక్కగా ఉంటాది," అంది. నాకు కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. సరేనన్నాను.

అది టీ అంగడి కథ. మొగుడు పోయిన ఒకామె రోజూ పొద్దున్నే టీ అంగడికొచ్చి, అలవాటుగా రెండు టీలు చెబుతుంది. రెండు తెచ్చిస్తే, రెండెందుకు తెచ్చావని అంగడాయన్ని తిడుతుంది. మళ్ళీ మర్నాడు రెండే చెబుతుంది. అక్క ఆ కథను ఇలా మొదలుపెట్టింది: "టీ అంగడాయప్ప చెప్పిండేది చెప్తాండా. అబద్ధమైతే ఆయప్పనే అడుక్కోండి." తర్వాత టీ అంగడాయన అత్తగారి ఊసు, పాలవాడితో గలాటా, ఎక్కడెక్కడికో పోయి, కథ అయిపోయిందేమో అనుకునేసరికి మళ్ళీ ఆ ఆడమనిషి దగ్గరికొస్తుంది. చివర్లో అంగడాయన ఆ రెండో టీ తానే తీసుకుని, ఆమె పక్కన నిలబడి తాగుతాడు. ఆమె తిట్టదు. అంతే, కథ అక్కడ ఆగిపోతుంది.

చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. బాగుందని తెలుస్తూనే ఉంది. అంత బాగుండటానికి ఆవిడకేం హక్కుందనిపించింది. ఆ తర్వాత నేను చేసిన పని గురించి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎత్తి రాస్తూ కథను బాగుచేశాను. ముందు ఒక తెల్లవారుజాము వర్ణన పెట్టాను. పాలవాడినీ, అత్తగారినీ తీసేశాను. కథ చెప్పే టీ అంగడాయన కూడా అనవసరమనిపించి ఆయన్నీ తీసేశాను. చివర ఆ స్త్రీ శూన్యంలోకి చూస్తూ జీవితం ఎంత అశాశ్వతమో గ్రహించింది. అక్క మేలు కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అప్పుడు కూడా సగమే నమ్మాను.

సంచిక వచ్చింది. అక్క పేరుతో కథ అచ్చయింది. చదివి వినిపించమంటే, కింద వంటింట్లో కూర్చుని చదివాను. అక్క బియ్యంలో రాళ్ళేరుతూ బుద్ధిగా వింది. అయ్యాక, "బాగుండాది పాపా. పాపం ఆయమ్మ. ఎవురు రాసింది?" అంది.

"నీ కథేనక్కా."

చేట మీద ఆవిడ చేతులు ఆగాయి. కాసేపు నా మొహంలోకి చూసింది. కోపం లేదు. తప్పిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు చూసింది.

"అయితే టీ అంగడాయప్ప యాడికి పోయినాడు?" అంది.

నేను ఏదో చెప్పాను. కథకు నిర్మాణం ఉండాలని, పాఠకులకు తికమక కలగకూడదని చెప్పాను. అక్క తలూపి మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆ రోజు నుంచి మళ్ళీ ఎప్పుడూ నోటుపుస్తకం నా దగ్గరికి తేలేదు. మాట్లాడటం మానలేదు, చారు తేవడం మానలేదు. పుస్తకం తేవడం మాత్రం మానేసింది. నేనూ అడగలేదు. అడిగితే ఇంకా బాగా రాసి ఉంటుందేమోనని నా భయం.

నాకు ఇవ్వకపోయినా ఆవిడ కథలు ఇంట్లో కూర్చోలేదు. చలికాలం వస్తే మా వీధిలో అనపకాయల పని మొదలవుతుంది. గింజలు ఒలిచి, నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు బయటికొస్తుంది. పితికిపప్పు కూర తినడానికి క్షణం, ఆ పప్పు పితకడానికి ఒక పూట. అందుకే పదకొండు గంటల ఎండలో మా అరుగు మీద ఆరేడుగురు ఆడవాళ్ళు చేరేవాళ్ళు. పూలమ్మే ఆమె తన బుట్ట పక్కన పెట్టుకుని కూర్చునేది. అక్క పీట వేసుకుని, కొంతసేపు పితికి, చేతులు తుడుచుకుని, పుస్తకం తీసి చదివేది. సెలవు రోజుల్లో నేను పైన కిటికీ దగ్గర నా కాగితాలతో కూర్చునేదాన్ని. కింద నుంచి నవ్వులు వచ్చేవి. నవ్వు ఆగి ఒక్కసారిగా అందరూ ఊరుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దం నాకు నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకునేది. నా కథకు ఎవరైనా అలా ఊరుకోగా నేనెప్పుడూ వినలేదు. కిటికీ మూసేసేదాన్ని. మూశాక సరిగా వినపడటం లేదని మళ్ళీ కాస్త తెరిచేదాన్ని.

ఆవిడ దగ్గర నేను నేర్చుకోవలసింది ఉందని మొదటిసారి ఒప్పుకోబోయి, ఒప్పుకోకుండా తప్పించుకున్న రోజు ఒకటుంది. అది కాడుగోడి రోజు.

మా హెడ్మిస్ట్రెస్ తల్లి పోయిందని తెలిసి, పూలదండ కొనుక్కుని ఆటోలో కాడుగోడి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. నేరుగా అక్క వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని మొదలుపెట్టాను. కోపం వస్తే నా నోట్లో పుస్తకాల తెలుగు నిలవదు.

"ఆ ఆటో ఆయప్పని ఏం చేసినా పాపం ల్యాదక్కా. వీధి చెప్పినాను, ఇల్లు చెప్పినాను. తీసుకపోయి ఒక షామియానా ముందర దింపినాడు. జనం ఉండారు, ఏడుస్తాండారు. ఇంకేమడిగేది నేను? నేరుగా పోయి దండ ఏసినా. కండ్లు మూసుకుని దణ్ణం పెట్టినా. కండ్లు తెరిచి చూస్తే మీసాలు ఉండాయి. మా హెడ్మిస్ట్రెస్ వాళ్ళమ్మకి మీసాలు యాడనించి వస్తాయక్కా?"

అక్క గరిటె పట్టుకునే గోడ వెంబడి కిందికి జారి కూర్చుంది. నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"లేసి వచ్చేయాల్సింది కదా పాపా."

"యాడొచ్చేది? ఒక ముసలామె వచ్చి నన్ను పట్టుకునింది. వచ్చినావా తల్లీ అని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఎవురనుకునిందో. ఆమె అట్ల ఏడుస్తాంటే నాకూ ఏడుపొచ్చింది. ఎవురో ముసలాయప్ప, నాకేమీ కాడు. అయినా ఏడుపొచ్చింది, ఏం చేసేది? గంట కూర్చున్నా. టీ ఇచ్చినారు, తాగినా. తర్వాత అసలింటికి పోతే చేతిలో దండ ల్యాదు. అందరూ నా చేతులే చూస్తాండారు."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడు నవ్వు ఆగి కళ్ళలో నీళ్ళొచ్చాయో నేను చూడలేదు. "పాపా, ఇప్పుడే పైకి పో. ఎట్ల చెప్పినావో అట్లే రాయి. ఆగితే చల్లారిపోతాది," అంది.

పైకి వెళ్ళాను. మూడు నెలలు రాశాను. కాగితం మీద పెన్ను పెట్టగానే నా కోపం ఎక్కడికో పోయేది. మొదటి పేరా పదకొండుసార్లు మార్చాను. కథ పేరు "అంతిమ యాత్ర". మృత్యువు ఎవరి తలుపు ఎప్పుడు తడుతుందో ఎవరికెరుక అని మొదలవుతుంది. దారి తప్పి వేరే ఇంటికి పోవడం మరీ అల్పంగా అనిపించి, సరైన ఇంటికే పంపాను. అక్కడొక ఉదాత్తురాలైన ప్రధానోపాధ్యాయురాలు. ఆమె కన్నీళ్ళను ముత్యాలతో పోల్చాను. పత్రికకు పంపితే, ఆరు వారాలకు రెండు ముక్కల మర్యాదతో తిరిగొచ్చింది.

పంపే ముందు అక్కకు చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో నాకే తెలియదు. మెప్పు కోసమే అయి ఉంటుంది. అక్క చివరిదాకా విని అడిగింది.

"మీసాలు యాడికి పోయినాయి?"

నాకు కడుపు మండింది. కథకు మీసాలు ముఖ్యం కాదన్నాను.

"రాసేటప్పుడు నువ్వు ఎవురికి భయపడ్తాండావు పాపా?" అంది. ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "నాతో మాట్లాడేటప్పుడు బాగానే ఉంటావు. పెన్ను పట్టుకుంటానే మంది ముందర నిలబడినట్ల బిగుసుకపోతావు. ఆ పొద్దు నువ్వు చెప్పిండేది కథ. ఇది బట్టలు మార్చుకుని వచ్చి కూర్చునింది."

నీకేం తెలుసు, నీకు అక్షరాలే రావు కదా అనేశాను. ఈ వాక్యం రాసి రెండుసార్లు కొట్టేయబోయాను. ఉంచుతున్నాను. నిజంగానే అన్నాను. కుక్కర్ మూడో కూత వేస్తే అక్క లేచి వెళ్ళి స్టవ్ ఆపింది. ఆ సాయంత్రం గోరుచిక్కుడు కూర పైకి పంపింది, ఎప్పుడూ పంపినట్టే. ఆ కూర తిన్నాను కూడా.

నేను ఇప్పటికీ మరచిపోలేని దెబ్బ ఇంకొకటి ఉంది. దాంట్లో అక్క తప్పేమీ లేదు. అరుగు మీద అక్క చదువుతుంటే ఎవరో ఫోనులో రికార్డు చేశారు. అదే టీ అంగడి కథ, అంగడాయనతో సహా. అది వాట్సాప్‌లో పాకిపోయింది. హోసూరు, చింతామణి, మదనపల్లె, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో విన్నారు. అంగడికి దారం కోసం వచ్చినవాళ్ళు, కథలు చెప్పేది మీరేనా అని అడిగేవాళ్ళు. అక్క సిగ్గుపడి రెండు గుండీలు ఎక్కువ వేసిచ్చేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక ఆదివారం హిందూపురం నుంచి మా అమ్మ ఫోన్ చేసింది.

"మీ అక్క కథ ఇన్నాను. మన పక్కింట్లో కూర్చోని చెప్తాండట్ల ఉండాది. నాకు ఏడుపొచ్చింది. నువ్వూ అట్ల రాయగూడదా?" అంది.

మా అమ్మ నా కథ ఒక్కటి కూడా చివరిదాకా చదవలేదు. అర్థం కాలేదనేది. గొప్ప రచన కాబట్టి అర్థం కాలేదని నేను అనుకునేదాన్ని. ఫోన్ పెట్టేసి, బట్టలు ఆరేసే నెపంతో మిద్దె మీదికి వెళ్ళి ఏడ్చాను. నా సొంత తల్లిని కూడా అక్క ఎత్తుకుపోయిందనిపించింది. మెట్లు దిగుతుంటే అక్క ఎదురై, "ఏమప్పా, కండ్లు ఎర్రగా ఉండాయి?" అంది. దుమ్ము పడిందన్నాను. నమ్మినట్టు తలూపింది.

తర్వాత మూడేళ్ళకు, వానలు తగ్గుతున్న రోజుల్లో, ఆవిడ అంగట్లో కూర్చున్నట్టే పోయింది. ఎవరో నీలం దారం అడిగారట. లేవబోయి మళ్ళీ కూర్చుందట. అంతే. సొరుగు తెరిచే ఉంది, పెన్ను దారానికి వేలాడుతోందని బావగారు చెప్పారు.

పదకొండో రోజు కర్మ అయ్యాక బావగారు అంగడి సంచీతో మేడెక్కి వచ్చారు. ఆయన పైకి రావడం చాలా అరుదు. సంచీలో ఆరు నోటుపుస్తకాలు. "నాకు కన్నడం చదవను వస్తాదమ్మా. అయినా ఆ గొంతు లేకుండా ఎట్ల చదివేది? నువ్వే పెట్టుకో," అన్నారు. కాఫీ ఇస్తానన్నా ఆగలేదు.

ఆ సంచీని పది రోజులు ముట్టలేదు. బీరువాలో ఆవిడ పట్టుచీరల పక్కనే పెట్టాను. ముట్టనిది దుఃఖం వల్లనే అని ఇంట్లో అనుకున్నారు. సగం దుఃఖం, సగం భయం. ఆరు పుస్తకాల నిండా నావి కాని మంచి కథలు ఉంటాయని భయం.

ఒక శనివారం మధ్యాహ్నం ధైర్యం చేసి, ఏదో ఒక పుస్తకం తీసి నడిమి పేజీ తెరిచాను. కన్నడ అక్షరాలు కదా, గబగబా కళ్ళు పరిగెత్తవు. ఒక్కొక్క మాటా పెదవులతో పలుక్కుంటూ చదివాను. ఎవురో ముసలాయప్ప. నాకేమీ కాడు. అయినా ఏడుపొచ్చింది, ఏం చేసేది?

ఆ మూడు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. పాపిష్టిది, ఎంత బాగా రాసింది అనుకున్నాను. జన్మంతా కూర్చున్నా నేను ఇలా రాయలేననుకున్నాను. ఏడుపుకు కారణం చెప్పకుండా, ఏం చేసేదని అడిగి వదిలేయడానికి ఎంత ధైర్యం కావాలో అనుకున్నాను. చనిపోయిన మనిషి మీద అంత నిండుగా కుళ్ళుకున్నాను. తర్వాత ఒక పేజీ వెనక్కి తిప్పాను. అక్కడ మీసాలు ఉన్నాయి.

మళ్ళీ వెనక్కి తిప్పి మొదలు చూశాను. పైన "కాడుగోడి సావు" అని ఉంది. దాని కింద, "మా చెల్లెలు చెప్పింది." ఆ తర్వాత నేను చెప్పింది చెప్పినట్టే, ఆటో ఆయప్ప దగ్గర నుంచి దండ లేని చేతుల దాకా. ఒక్క మాట బాగుచేయలేదు. నేను పైకెళ్ళి మొదటి వాక్యం కోసం కొట్టుకుంటున్న పూటే, ఆవిడ అంగట్లో కూర్చుని, చల్లారకముందే, నా కథ రాసి పెట్టింది. చివర ఒక గీత గీసి, కింద చిన్నగా రాసుకుంది: "చెల్లి అడిగితే ఇయ్యాల."

నేను అడగలేదు. చివరిదాకా ఆవిడ పుస్తకాల్లో ఏముందని నేను అడగనే లేదు. అడిగితే నా చేతికి నేనే వచ్చి ఉండేదాన్ని. అసహ్యం వేసింది ఆ రోజు. అది కూడా సాఫీగా వేయలేదు, మధ్యలో మధ్యలో ఇంకా కుళ్ళు తగులుతూనే ఉంది. నన్ను కూడా నాకన్నా ఆవిడే బాగా రాసిందే అని.

ఇప్పుడు ఆ కథలన్నీ తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాస్తున్నాను. రోజుకు రెండు పేజీలు. పక్కన ఎర్ర పెన్ను పెట్టుకోవడం మానేశాను. అయినా చెయ్యి ఊరుకోదు. పాలవాడు రాగానే తీసేయాలనిపిస్తుంది. అప్పుడు చెయ్యి ఎత్తి కాసేపు కిటికీలోంచి వీధి చూసి, పాలవాడిని రానిచ్చి, మళ్ళీ రాస్తాను.

మొన్న అనపకాయల కాలం వచ్చింది. అరుగు మీద ఈ ఏడు ఎవరూ చేరరనుకున్నాను. చేరారు. అక్క పీట గోడకు ఆనించి ఉంటే ఎవరూ దాన్ని కదల్చలేదు, ఎండలో అలాగే ఉంది. పూలమ్మే ఆమె పైకి చూసి నన్ను పిలిచింది. "మేడమ్మా, ఆయమ్మ పుస్తకాలు నీ దగ్గర ఉండాయంట కదా. ఒకటి సదువు, చేతులకి పని బేజారుగా ఉండాది," అంది. పుస్తకం పట్టుకుని దిగాను. ఏ కథ చదవాలో ముందే అనుకుని దిగాను. ఒప్పుకుంటున్నాను.

పైనున్న రెండు వరుసలూ చదవలేదు. కథ నుంచే మొదలుపెట్టాను. సొంత మాటల్నే కన్నడ అక్షరాల్లో కూడబలుక్కుంటూ చదవడం వింతగా ఉంది. ముందు గొంతు బిగుసుకుంది. మూడో వాక్యానికి ఆటో ఆయన మీద కోపం నిజంగానే తిరిగొచ్చింది, ఇంక నా నోరు నాదైంది. మీసాల దగ్గర అరుగంతా నవ్వింది. పైన కిటికీలోంచి ఇన్నేళ్ళు విన్న నవ్వే. ముసలామె వచ్చి పట్టుకున్న చోట అందరూ ఊరుకున్నారు. ఒక్క పితుకుడు చప్పుడు కూడా లేదు. నేను తల ఎత్తకుండా చదివాను. తల ఎత్తితే ఆ నిశ్శబ్దం పోతుందేమోనని ఎత్తలేదు.

పూలమ్మే ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎంత బాగుండాదో. ఎవురు రాసింది తల్లీ?" అంది.

"నేనే" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అందులో అబద్ధం కూడా లేదు. గోడకు ఆనించిన పీట వైపు చూశాను.

"మా అక్క," అన్నాను.

"అదే అనుకున్నా," అందామె తృప్తిగా. "ఇంకెవురికి వస్తాది ఇట్ల చెప్పను?"

లోపల చురుక్కుమంది. ఎప్పుడూ చురుక్కుమనే చోటే. నేను పుస్తకం మూసి, గిన్నె ముందుకు లాక్కుని, నానిన గింజ ఒకటి తీసుకుని నొక్కాను. తోలు నా వేళ్ళ మధ్యే ఉండిపోయింది. పప్పు మాత్రం ఎగిరి వెళ్ళి, ఎండలో, అక్క పీట పక్కన పడింది.